కొంగలపర్రు లాకు మాటలు

కొంగలపర్రు లాకు దగ్గర పొద్దు వెంకన్న గొంతుతో మొదలయ్యేది. కోడి కూసేది కాదని కాదు, కూసేది పాపం, వినేవాళ్ళు ఉండేవారు కాదు. తెల్లారేసరికి కాలవలో ఎగువన పది పడవలు, దిగువన పది పడవలు, లాకులో నీటిమట్టం ఎక్కించి దింపి దాటించే దాకా వచ్చి నిలబడేవి. ధాన్యం పడవ, గడ్డి పడవ, కొబ్బరికాయల పడవ, మధ్యలో ఎక్కడో ఓ పెళ్ళివారి పడవ. అందరికీ తొందరే. లాకు తలుపు దూలానికి వీపు ఆనించి తోస్తూ, ఆ తలుపులు తీసి మూసే లస్కరు వెంకన్న అందుకునేవాడు.

"ఓరి నీ దుంపతెగ, ఆ ముక్కు ఇటు తిప్పరా. లాకు నీ అత్తారిల్లనుకున్నావా, అడ్డంగా తొంగుంటాకి? ఒరే కొబ్బరికాయలోడా, నీ బుర్రలో నీళ్ళున్నాయో లేదో ఓసారి ఊపి చూసుకో."

పడవవాళ్ళెవరూ నొచ్చుకునేవారు కాదు. వెంకన్న తిట్టాడంటే చూశాడని అర్థం. చూశాడంటే పడవకి దెబ్బ తగలదని అర్థం. పదిహేనేళ్ళ నుంచీ వెంకన్న చేతిమీదుగా దిగిన పడవల్లో ఒక్కదానికి పెచ్చు లేవలేదు. ఆ సంగతి పడవలు నడిపే సరంగులందరికీ తెలుసు కాబట్టి, తిట్లు తిని, నవ్వుకుని, ఓ నాలుగు కాయలు గట్టు మీద పడేసి పోయేవారు.

ఆ రోజుల్లో ఆ కాలవలో మాటలు కొట్టుకుపోయేవి. లాకు గట్టు మీద నిలబడి గట్టిగా అన్న మాట నీళ్ళలో పడి, తూముల్లోంచి దిగి, నీళ్ళ నడకనే పోయి, మూడు కోసుల అవతల చింతలగరువు రేవులో ఒడ్డుకి తగిలేది. తగిలినప్పుడు అన్నవాడి గొంతుతోనే వినపడేది. పొద్దున్న అన్నది మధ్యాహ్నానికి, మధ్యాహ్నం అన్నది దీపాల వేళకి. నాచు పేరుకున్న రోజుల్లో కాస్త ఆలస్యమయ్యేది. కింది మాట పైకి వచ్చేది కాదు, నీళ్ళు పైకి నడవవు కదా. గుట్టు మాటలున్నవాళ్ళు కాలవకి దూరంగా చేలగట్ల మీదికి పోయి చెప్పుకునేవారు. చింతలగరువు ఆడవాళ్ళు సాయంత్రం బిందెలు తోముకుంటూ, ఇవాళ వెంకన్న ఎవర్ని ఉతికాడో వినేసి, ఇళ్ళకి పోయి దీపాలు పెట్టుకునేవారు.

ఆ లాకుకి సూపరింటెండెంటు జగన్నాథరావుగారు. రాజమండ్రిలో మెట్రిక్యులేషను దాకా చదివిన మనిషి. తెల్లటి పంచె, గుండీలన్నీ పెట్టుకున్న కోటు, ఇస్త్రీ నలగని తలపాగా. ఆయన నోట ముతక మాట విన్నవాళ్ళు లేరు. గొంతు పెంచడం మర్యాద కాదని ఆయన నమ్మకం. అందుకని ఆయన మాటలు ఆఫీసు గది గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేవేగాని, నీళ్ళలో పడేవి కావు.

మర్యాద మంచిదే, కాదనను. అయితే జగన్నాథరావుగారికి అది తన ఒంటి మీద ఉంటే సరిపోదు, ఎదుటివాడి ఒంటి మీద కూడా కనపడాలి. ఆయన భార్య రామతులసి చింతలగరువులో రైతు బుల్లియ్యగారి కూతురు. పెళ్ళయి కాపరానికి వచ్చి లాకు పక్క ఇంట్లో పదకొండు నెలలుంది. ఆ పదకొండు నెలలూ ఆవిడ పిల్లిని పిలిచిన తీరు, నవ్వేటప్పుడు నోరు తెరిచిన తీరు, పొరుగింటికి కేకేసిన తీరు, అన్నిటికీ ఆయన ఒకటే మాట. "అలా కాదు. మళ్ళీ అను." కోపంగా అనేవారు కాదు, నెమ్మదిగా, ప్రేమగానే అనేవారు. కోపంగా అని ఉంటే ఆవిడా ఓ మాట అనేసి ఊరుకునేది. ఒకనాడు అన్నం వడ్డిస్తూ ఏదో అడిగితే, ఆయన ఆ అడిగిన తీరు సరిదిద్దారు. గరిటె గాలిలో ఉండగానే ఆవిడ బుద్ధిగా మళ్ళీ అడిగి, వడ్డించి, మర్నాడు నాగులచవితికని పుట్టింటికి వెళ్ళింది. వెళ్ళి రెండేళ్ళయింది.

జగన్నాథరావుగారు నెలకో ఉత్తరం రాసేవారు. "ఇచ్చట మేమందరము క్షేమము, అచ్చట మీ యోగక్షేమములు తెలియజేయవలెను" అని ముత్యాల్లాంటి అక్షరాలతో. ఆవిడ ఎందుకు రావడం లేదో ఆయనకి తెలిసేది కాదు. ఒక్కరే వండుకుని, ఒక్కరే తిని, రెండో కంచం కూడా తోమి బోర్లించి పెట్టేవారు.

అలా ఉండగా మాఘమాసంలో ఒక ఉత్తరం వచ్చింది. రాసినవారు చింతలగరువు మిషను బడి పంతులు జ్ఞానప్రకాశంగారు. మా బడిలో పిల్లలు ఎక్కాల కన్న ముందు తమ లస్కరుగారి మాటలు కంఠస్థం చేసినారనీ, నిన్న ఆదివారం గుడిలో ప్రార్థన వేళ ఒక పసిపిల్ల బల్ల కదిలిందని "ఓరి నీ దుంపతెగ" అన్నదనీ, తమరు పెద్దలు కాబట్టి ఆలోచించవలెననీ రాశారు. చివర్న ఒక ముక్క చేర్చారు. తమ ధర్మపత్నిగారు కూడా దినమూ రేవులో కూర్చుండి ఆ మాటలు వినుచున్నారు అని.

ఆ ముక్క జగన్నాథరావుగారు రెండుసార్లు చదివారు. రెండేళ్ళ నుంచీ తెలియని సంగతి ఒక్కసారిగా తెలిసిపోయినట్టయింది. రోజూ ఈ బూతులు వినే మనిషి ఈ లాకుకి కాపరానికి ఎలా వస్తుంది? ఆయన వెంటనే వెంకన్నని పిలిపించారు.

వెంకన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నోట్లో చుట్ట తీసి మాట్లాడు, వెంకన్నా."

"మాట్లాడ్డం లేదండి బాబూ, ఇంటన్నానండి."

"వినేటప్పుడు కూడా తియ్యాలి."

వెంకన్న తీసి చెవి మీద పెట్టుకున్నాడు.

"పంచె మోకాళ్ళ కిందికి దింపు. గుమ్మానికి చేరబడకు. ఇలా చూడు, మా ఇంట్లోవాళ్ళు ఇక్కడికి రాకపోవడానికి కారణం నీ నోరు. వాళ్ళు రోజూ వింటున్నారట. వైశాఖంలో కాలవకి నీళ్ళు కట్టేస్తారు కదా, ఈలోగా నీ నోరు బాగుపడాలి. బాగుపడి, వాళ్ళు వస్తే నువ్విక్కడే ఉంటావు. లేదూ, ఉప్పుటేరు దగ్గర తూముకి మనిషి కావాలంటున్నారు, అక్కడికి రాసేస్తాను."

వెంకన్నకి ఆ చోటు తెలుసు. ఉప్పుటేరు తూము దగ్గర పడవలు రావు. మనుషులూ రారు. కొంగలుంటాయి, చవిటి గాలి ఉంటుంది. తిట్టడానికి ఒక్క ప్రాణి దొరకదు.

"అమ్మగారొస్తారంటే నేర్చుకుంటానండి," అన్నాడు. భయంతో అన్న మాటేగాని, అందులో జాలి కూడా ఉంది. రెండో కంచం సంగతి వాడికి తెలుసు.

మర్నాటి నుంచీ లాకు గట్టు మీద పాఠం మొదలయింది. జగన్నాథరావుగారు గొడుగు వేసుకుని వచ్చి వెంకన్న పక్కన నిలబడేవారు. లాకులో నీళ్ళ హోరుకి నెమ్మదిగా చెబితే వినపడదు కాబట్టి ఆయనా గొంతు పెంచక తప్పలేదు.

"అయ్యా సరంగుగారూ, అను."

"అయ్యా సరంగుగారూ."

"తమరు దయచేసి పడవను కొంచెము ఎడమ ప్రక్కకు జరుపుకొనవలసినదిగా కోరుచున్నాను."

"తమరు దయసేసి పడవని కొంచెం ఎడం పక్కకి..."

"అలా కాదు. మళ్ళీ అను. అంటూ తొడ గోక్కోకు."

ఆ మాట మొదటిసారి విన్న సరంగు తనని కాదనుకుని వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. ఈలోగా పడవ పోయి గోడకి కొట్టుకుంది. వెంకన్న పదిహేనేళ్ళ పేరు ఆ ఒక్క పూటలో పోయింది. మాఘం వెళ్ళేసరికి మూడు పడవలకి పెచ్చులు లేచాయి. "ఒరే ఎడం" అంటే అయిపోయే పనికి రెండు వాక్యాలు పట్టేది, పడవ మాత్రం రెండు వాక్యాల సేపు ఆగేది కాదు.

అయినా వెంకన్న మొండివాడు. పట్టుదలగా నేర్చుకున్నాడు. చుట్ట మానేశాడు, పంచె దింపాడు, నిలబడితే చేతులు కట్టుకున్నాడు. ఫాల్గుణం నాటికి వాడి నోట సంస్కృతం మాటలు కూడా దొర్లసాగాయి. తిండి మాత్రం సహించడం మానేసింది. తిట్టకపోతే ఆకలెలా వేస్తుందని వాళ్ళావిడ వీరమ్మ గొణుక్కునేది.

చింతలగరువులో మాత్రం పండగలా ఉంది. పాఠం మొదలయిందని తెలిసి సాయంత్రాలు రేవు నిండిపోయేది. ఇదివరకు ఆడవాళ్ళే వచ్చేవారు, ఇప్పుడు మగవాళ్ళు కూడా చాపలు తెచ్చుకుని కూర్చునేవారు. "అయ్యా సరంగుగారూ" అని నీళ్ళలోంచి వినపడగానే నవ్వులు. జ్ఞానప్రకాశంగారు కూడా, తన ఉత్తరం వల్ల ఏం మేలు జరిగిందో చూసుకోవాలని వచ్చి, పైపంచె నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవారు.

ఒక్క రామతులసి నవ్వేది కాదు. మొదటి సాయంత్రం బిందె ముంచుతుండగా "అలా కాదు. మళ్ళీ అను" అన్న మాట వచ్చి ఆవిడ కాలి దగ్గర మెట్టుకి తగిలింది. రెండేళ్ళ తర్వాత విన్న మొగుడి గొంతు. ఆవిడ బిందె అక్కడే వదిలేసి ఇంటికి వెళ్ళిపోయింది. రెండో రోజూ అదే. మూడో రోజు నుంచి నీళ్ళకి పనిమనిషి సూరమ్మని పంపడం మొదలెట్టింది.

పైకి వార్త రావాలంటే పడవే తేవాలి. కొబ్బరికాయల పడవ చిట్టియ్య తెచ్చాడు.

"కొత్త లస్కరొచ్చాడా అని అడుగుతున్నారు మావా, ఆ ఊళ్ళో. నువ్వేనంటే నమ్మట్లేదు."

"అమ్మగారు ఇంటన్నారా?" అన్నాడు వెంకన్న ఆశగా.

"ఆవిడ రేవుకి రావడమే మానేశారు. నువ్వు తిట్టినన్నాళ్ళూ రోజూ వచ్చి కూకుని నవ్వేవారంట. అయ్యగారి గొంతు తగిలిన్నాటి నుంచి రావట్లేదు. నాకు సూరమ్మ చెప్పింది."

 సంగతి వెంకన్నకి అర్థమయింది. అయ్యగారు జబ్బొకటైతే మందొకటి వేస్తున్నారు. కానీ పెద్దవాళ్ళ తప్పు మొహం మీద చెప్పడం మర్యాద కాదని క్రితం వారమే పాఠం అయింది. అందుకని నోరు మూసుకుని, చేతులు కట్టుకుని, మర్నాటి పాఠానికి నిలబడ్డాడు. ఉప్పుటేరు కొంగలు అప్పుడే కళ్ళముందు కనపడుతున్నాయి.

వైశాఖం వచ్చింది. ఇంకో మూడు రోజుల్లో కాలవ కట్టేస్తారు. కట్టేస్తే రెండు నెలలు నీళ్ళుండవు, పడవలుండవు. అందుకని ఊళ్ళలో ఉన్న సరుకంతా ఒక్కసారి కాలవ మీదికి వచ్చి పడింది. ఆ మధ్యాహ్నం రెండు తలుపుల మధ్య లాకు గుంటలో చిట్టియ్య కొబ్బరికాయల పడవా, ఒక గడ్డి పడవా పక్కపక్కన ఉన్నాయి. ఎగువ తలుపులు మూసేశారు. దిగువ తూములెత్తారు. గుంటలో నీళ్ళు దిగుతున్నాయి.

నీళ్ళు దిగేటప్పుడు పడవ తాడు గట్టు మీది గుంజకి బిగించి కట్టకూడదు. చేత్తో పట్టుకుని కొద్దికొద్దిగా వదులుతూ ఉండాలి. లేకపోతే నీళ్ళు కిందికి పోతాయి, పడవ తాడుకి వేలాడుతుంది. చిట్టియ్యకి ఇది తెలియక కాదు. ఆ తొందరలో ముడేసి, మరిచిపోయి, గడ్డి పడవవాడితో కబుర్లలో పడ్డాడు.

వెంకన్న చూశాడు. తాడు బిగిసి కీచుమంటోంది. "తాడొదల్రా" అన్న మాట వాడి గొంతు దాకా వచ్చింది. పక్కన గొడుగు కింద జగన్నాథరావుగారున్నారు. వెంకన్న ఆ మాట మింగి, చేతులు కట్టుకుని మొదలెట్టాడు.

"అయ్యా సరంగుగారూ, తమరు దయచేసి..."

తాడు పుటుక్కున తెగింది. తెగిన కొస వచ్చి వెంకన్న ఛాతీ మీద కొట్టింది. వాడు గట్టు మీంచి ఎగిరి, పడవకీ గోడకీ మధ్య నీళ్ళలో పడ్డాడు. గెంటినట్టు ఊగిన పడవ తిరిగి గోడ వైపు వస్తోంది.

అప్పుడు జగన్నాథరావుగారి గొడుగు ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. ఆయన గట్టు అంచున బోర్లా పడుకుని, తలపాగా ఊడదీసి కిందికి వదులుతూ అరుస్తున్నారు. ఆ గొంతు ఆయనదని పడవల్లోవాళ్ళు పోల్చుకోలేకపోయారు.

"ఒరే వెంకన్నా, తల పైకెత్తరా. గుడ్డ పట్టుకోరా, ఇదిగో, ఇటు. ఒరేయ్ చిట్టియ్యా, దున్నపోతు మొహమా, చూస్తావేంట్రా, గెడేసి పడవని అవతలికి నెట్టు. నెట్టరా నీ దుంపతెగ, మనిషి చచ్చిపోతాడు. ఒరే వెంకన్నా, పట్టు ఒదలకురా. నువ్వు పోతే ఈ లాకు మీద నాకెవరున్నార్రా."

చిట్టియ్యా, గడ్డి పడవవాళ్ళూ గెడలేసి పడవని ఆపారు. జానెడు ఖాళీ మిగిలింది. ఆ జానెడులోంచి వెంకన్న తలపాగా పట్టుకుని పైకి వచ్చాడు. గట్టు మీద పడి, దగ్గి, కడుపులో నీళ్ళు కక్కి, కళ్ళు తెరిచి చేతులు కట్టుకున్నాడు.

"తమ దయ వల్ల ప్రాణములు దక్కినవండి."

"నోరు ముయ్యరా," అన్నారు జగన్నాథరావుగారు. అని వాడి పక్కనే తడి గట్టు మీద కూలబడి, బట్టతల మీద ఎండ కొడుతూ ఉండగా చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. వెంకన్న బతికాడన్న సంతోషం పట్టలేక ఏడ్చారు.

ఏడుపు ఆగాక ఆయనకి తూములు కనపడ్డాయి. ఎత్తే ఉన్నాయి. నీళ్ళు అలా పోతూనే ఉన్నాయి.

"వెంకన్నా, ఇప్పుడు నేనన్న మాటలు..."

"ఎల్లిపోయాయండి."

"అన్నీనా?"

"దున్నపోతు మొహం కాణ్ణించీ అన్నీనండి. దీపాలేళకి చింతలగరువులో ఉంటాయండి."

జగన్నాథరావుగారు తల పట్టుకున్నారు. "అయిపోయింది. ఇక ఆవిడ ఈ జన్మలో రాదు."

వెంకన్న తడిబట్టలు పిండుకుంటూ కాసేపు ఆలోచించాడు. ఎలాగూ చావు దాకా వెళ్ళి వచ్చాడు. ఉప్పుటేరు అంతకన్నా దూరమా అనిపించింది.

"బాబూ, ఒక మాట చెబుతాను, తిడితే తిట్టండి. నేను తిట్టినన్నాళ్ళూ అమ్మగారు రోజూ రేవుకొచ్చి నవ్వుకునేవారంటండి. తమరి 'అలా కాదు' ఇన్నాక రావడం మానేశారంటండి. ఆవిడకి అడ్డం నా నోరు కాదండి."

జగన్నాథరావుగారు వాడికేసి చూశారు. వాడు మొలలో ఎప్పటినుంచో దాచుకున్న చుట్ట తీసి, తడిసిందే నోట్లో పెట్టుకుని ఉన్నాడు, పంచె మోకాళ్ళ పైకి ఉంది. ఆయన ఏమీ సరిదిద్దలేదు. లేచి, గొడుగు కోసం కూడా చూడకుండా ఇంట్లోకి వెళ్ళిపోయారు.

దీపాల వేళకి చింతలగరువు రేవులో జనం మామూలుగానే కూర్చున్నారు. "అయ్యా సరంగుగారూ, తమరు దయచేసి" దాకా వచ్చి ఆగింది. తర్వాత వచ్చిన మాటలకి నవ్వడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు నవ్వడం మరిచిపోయారు. సూరమ్మ బిందె పడేసి, రేవు గట్టు మీదే ఉన్న ఇంటికి పరుగెత్తింది. రామతులసి వచ్చేసరికి చివరి మాటలు మెట్లకి తగులుతున్నాయి. "ఒరే వెంకన్నా, పట్టు ఒదలకురా. నువ్వు పోతే ఈ లాకు మీద నాకెవరున్నార్రా."

"ఎవరి గొంతు నాన్నా అది?" అందావిడ.

"అల్లుడుగారిదేనమ్మా," అన్నాడు బుల్లియ్యగారు. ఆయనకీ నమ్మబుద్ధి కాలేదు.

రామతులసి కింది మెట్టు దాకా దిగింది. ఆ మనిషి అంత ఒంటరిగా ఉన్నాడని ఏ ఉత్తరంలోనూ రాయలేదు. ఆయనకి కేకేయడం వచ్చనీ, ఒకడి కోసం అంతగా బెదిరిపోవడం వచ్చనీ ఆవిడకి తెలియదు. తెలియనందుకు కోపం వచ్చింది. కోపంతో పాటు చూడాలని కూడా అనిపించింది.

రాత్రంతా ఆలోచించుకుని, తెల్లారి ఒక చిన్న మూటతో పైకి వెళ్ళే పడవ ఎక్కింది. తోడు సూరమ్మ.

"మరి పెట్టో?" అన్నాడు బుల్లియ్యగారు గట్టు మీంచి. కాపరానికి వెళ్ళే పిల్ల చీరలన్నీ ఆ పెట్టెలో ఉన్నాయి.

"ఇప్పుడే ఒద్దు నాన్నా. సాయంత్రం రేవుకొచ్చి కూకోండి. పంపాలో ఒద్దో మీకే తెలుస్తాది. ఒద్దనిపిస్తే రేప్పొద్దున్న కిందికొచ్చే పడవలో నేనే వచ్చేస్తాను. ఎల్లుండికి కాలవ కట్టేస్తారు."

ఆ సాయంత్రం చింతలగరువు రేవులో నిలబడ్డానికి చోటు లేదు. బుల్లియ్యగారు కింది మెట్టు మీద, నీళ్ళకి బెత్తెడు దూరంలో కూర్చున్నాడు. ఆయన మొహం చూసి ఎవరూ పలకరించలేదు. రెండేళ్ళుగా కూతురు ఇంట్లో ఉండటం ఆయనకి బరువు కాదు. ఆ పిల్ల నవ్వు సాయంత్రం రేవులో తప్ప ఇంట్లో వినపడకపోవడమే బరువు.

చాలాసేపు నీళ్ళు ఊరికే వచ్చాయి. తర్వాత వెంకన్న గొంతు వచ్చింది. "అమ్మగారండీ, దయచేయండి." వెంటనే రామతులసి గొంతు. "నువ్వు మామూలుగా మాట్లాడు వెంకన్నా, నాకు భయమేస్తంది." తర్వాత మళ్ళీ ఉత్త నీళ్ళు.  ఆ తర్వాత వచ్చిన మాటలు ఒకదాని మీద ఒకటి పడి వచ్చాయి.

"రెండేళ్ళండీ. రెండేళ్ళలో ఒక్కసారొచ్చి తీసుకెళదామని తోచలేదా మీకు?"

"రమ్మని నువ్వు కబురంపావా?"

"పెళ్ళాం కోసం రావడానికి కబురు కావాలా?"

"ఒకసారి వచ్చాను. మీ ఊరి గట్టు దాకా వచ్చాను. మీ నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆ మీసాలు చూసి భయమేసి తిరిగొచ్చేశాను."

రేవులో అందరూ బుల్లియ్యగారి మీసాలకేసి చూశారు. ఆయన వాటిని చేత్తో కప్పుకున్నాడు.

"మీకేం భయం? నా తప్పులు ఎంచడానికి భయం లేదుగానీ."

"తప్పులు ఎంచానా? బాగుండాలని చెప్పాను."

"బాగోలేదని చెప్పారు. రోజుకి ఇరవైసార్లు చెప్పారు."

"సరే, చెప్పాను. బుద్ధి తక్కువై చెప్పాను. నువ్వెళ్ళాక ఈ ఇంట్లో తప్పు మాట్లాడ్డానికి కూడా మనిషి లేదు. అన్నం సయించదు నాకు. రెండు కంచాలు తోముకుంటున్నాను రోజూ, పిచ్చోడిలాగ."

"మరి ఆ ముక్క ఉత్తరంలో రాయొచ్చుగా?"



"ఎలా రాయాలో తెలీలేదు," అంది జగన్నాథరావుగారి గొంతు.

"చదువుకున్నారుగా."

"దానికి చదివింది పనికి రాలేదు. అరవకు, అందరూ వింటారు."

"విననీండి. మీరూ అరుస్తున్నారు."

"నువ్వు అరిపిస్తున్నావు."

అక్కడి నుంచి ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలెట్టారు. ఎవరిది ఏ మాటో తెలియకుండా కలగాపులగంగా వచ్చి మెట్లకి తగిలాయి. జ్ఞానప్రకాశంగారు పిల్లలకేసి తిరిగి, "ఇవి పెద్దవాళ్ళ సంగతులు, ఇళ్ళకి పొండి," అన్నారు. ఆయన మాత్రం కదల్లేదు.

బుల్లియ్యగారు చెవి నీళ్ళకి దగ్గరగా పెట్టి విన్నాడు. పెళ్ళయిన పదకొండు నెలల్లో అల్లుడు కూతుర్ని ఒక్క మాట అన్నాడని గాని, కూతురు తిరిగి ఒక్క మాట అందని గాని ఆయన ఎన్నడూ వినలేదు. ఇప్పుడు వింటున్నాడు. అచ్చం తనూ, తన ఇల్లాలూ దెబ్బలాడుకున్నట్టే ఉంది. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. మోకాళ్ళ మీద చేతులాన్చి లేచి, గట్టు మీద నిలబడి ఉన్న భార్యతో అన్నాడు.

"దెబ్బలాడుకుంటున్నారే. పిల్ల పెట్టె సర్దు."

మర్నాడు పొద్దున్న మొదటి పడవలో పెట్టె పైకి వెళ్ళింది. ఆ మర్నాడు కాలవ కట్టేశారు.